గర్భఫలము ఎవరి లెక్కలోనిది?



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ వెళ్లిపోయేదాకా ఒక భార్యాభర్తలు మందిరం గుమ్మం దగ్గరే నిలబడ్డారు. భర్త చెన్నైలో తాపీ పని చేస్తాడు, సెలవు పెట్టుకుని ఊరొచ్చాడు. భార్యకు మూడో నెల. ఇంట్లో అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. "ప్రార్థన సెయ్యండి అయ్యగారూ" అన్నాడు. తప్పకుండా చేస్తాను బాబూ, తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలని అడుగుదాం అన్నాను. అతను కదల్లేదు. "అది కాదయ్యగారూ. ఇద్దరూ ఆడగుంటలే అయిపోనారు. ఈసారైనా గుంటడు పుట్టాలని సెయ్యండి. నేకపోతే..." అని ఆగిపోయాడు.

ఆ "నేకపోతే" తరువాత ఏముందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పక్కనే నేలచూపులు చూస్తూ నిలబడ్డ ఆమెను కూడా ఎవరమూ ఏమీ అడగలేదు. చేతులుంచి ప్రార్థన చేసి పంపేశాను. రాత్రి అమ్మగారు చెప్పారు: అత్తగారు ఇప్పటికే మాట్లాడుతోందట, ఫలానా చోట స్కానింగులో చెబుతారట, చెప్పాక ఏం చెయ్యాలో కూడా అక్కడే చూస్తారట. ఇరవై ఏళ్లకు పైగా సేవలో ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఒక్క "నేకపోతే" గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

ముందు మా జిల్లాలో అందరూ నవ్వుకున్న సంగతి. 2025 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు మన విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు ఒక ప్రకటన చేశారు. మూడో బిడ్డగా ఆడపిల్లను కంటే 50 వేల రూపాయలు ఆ పాప పేరున డిపాజిట్ వేస్తానని, మగబిడ్డను కంటే ఆవునూ దూడనూ ఇస్తానని, అదంతా తన జీతంలోంచే అని చెప్పారు. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, సొంత డబ్బు ఇస్తానన్నవారిని తప్పుపట్టడం నా పని కాదు. కానీ మా రచ్చబండ దగ్గర ఆ మాట ఎలా అర్థమైందో చెబుతాను. ఆడపిల్ల పుడితే నష్టపరిహారం, మగపిల్లాడు పుడితే పండగ కానుక. ఇంకొక పెద్దామె నవ్వుతూ అంది: "నాకు ఇరవైరెండేళ్లకే ఆపరేషన్ సేయించీసినారు కదా బాబూ, ఇప్పుడు ఆవునెక్కడ కట్టుకోను?"

ఆమె సరదాకి అన్నా అందులో అబద్ధం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఇదే ఎక్కువ. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇద్దరు పుట్టగానే, ఒళ్లు కోలుకోకముందే, కత్తి ఆడవాళ్ల మీదికే వచ్చింది. వాళ్లను ఆపరేషన్ బల్ల ఎక్కించిన ప్రభుత్వమే ఇప్పుడు పిల్లల్ని కనండి తల్లీ అంటోంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు చెప్పే కారణం, రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారు, పనిచేసే వయసువారు తగ్గిపోతారు అని. 2025 మార్చిలో తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ గారు ఇంకా సూటిగా చెప్పారు: జనాభా ప్రకారం నియోజకవర్గాలు మళ్లీ విభజిస్తే పార్లమెంటులో మన సీట్లు తగ్గిపోతాయి, కొత్తగా పెళ్లయినవాళ్లు త్వరగా పిల్లల్ని కనండి అని. నిన్న అన్నం చాలదని గర్భం మూయించారు. ఈ రోజు సీట్లు చాలవని తెరవమంటున్నారు. రెండుసార్లూ లెక్క వారిదే, ఒళ్లు మాత్రం మన ఆడవాళ్లది.

ఇది కొత్త సంగతి కాదు ప్రియులారా. నిర్గమకాండము మొదటి అధ్యాయం తీసి చూడండి. ఐగుప్తు రాజుకు పట్టుకున్న భయం ఏమిటి? లెక్కే. ఇశ్రాయేలీయులు ఎక్కువైపోతున్నారు, రేపు యుద్ధం వస్తే శత్రువులతో కలుస్తారు, కాబట్టి తగ్గించాలి. అందుకని మంత్రసానులను పిలిచి, కాన్పు బల్ల మీద చూడండి, మగవాడైతే చంపండి, ఆడదైతే బ్రతకనివ్వండి అన్నాడు. ఎవరు బతకాలో ఎవరు చావాలో కాన్పు గదిలోనే, ఆడా మగా చూసి తేల్చమన్న మొదటి ఉత్తరువు బైబిలులో ఇదే. ఆ రాజు పేరు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు, ఫరో అని మాత్రమే ఉంది. ఆ ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం దేవుడు రాయించాడు. షిఫ్రా, పూయా. వారు దేవునికి భయపడి రాజు మాట వినలేదు. మన సంఘాలలో నర్సులు ఉన్నారు, ఏఎన్ఎంలు ఉన్నారు, స్కానింగ్ సెంటర్లలో రిసెప్షన్‌లో కూర్చునే పిల్లలు ఉన్నారు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. చీటీ మీద పేరు రాసేటప్పుడు ఈ ఇద్దరినీ గుర్తు చేసుకోండి.

1994వ సంవత్సరం సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది ఢిల్లీలో పార్లమెంటు, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని చట్టం చేసింది. అది 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. మొదటిసారి తప్పు చేస్తే మూడేళ్ల దాకా జైలు. అదే 1994లో మన రాష్ట్రం పంచాయతీరాజ్ చట్టం చేసింది, అందులో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు సర్పంచిగా, వార్డు మెంబరుగా పోటీ చేయడానికి అనర్హులని రాసింది. రెండూ ఒకే ఏడాది! ఒక చట్టం ఆడపిల్లను వెదికి తీసేయవద్దంది. ఇంకొక చట్టం ఇద్దరితో ఆపకపోతే పదవి లేదంది. ఇద్దరిలో ఒకడు మగపిల్లాడు ఉండి తీరాలని కూర్చున్న ఇంట్లో, రెండో కాన్పు ముందు ఏం జరుగుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాలలో నిర్మలా బుచ్ గారు ఈ నిబంధన మీద అధ్యయనం చేశారు. పదవి పోతుందని గర్భం తీయించుకున్నవారు, మూడో బిడ్డను దత్తతకు ఇచ్చేసినవారు అందులో కనిపిస్తారు. ముప్ఫై ఏళ్ల తరువాత, 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. మంచిదే. కానీ ఈ ముప్ఫై ఏళ్లలో పుట్టకుండా పోయినవారికి జవాబు చెప్పవలసింది ఎవరని ఆ రోజు ఎవరూ అడిగినట్టు నేను వినలేదు.

మన జిల్లాలలో ఈ సమస్య లేదు అయ్యగారూ, అది హర్యానాలో, పంజాబులో అని చాలామంది నాతో అన్నారు. 2011 జనాభా లెక్కలు చూపిస్తారు: శ్రీకాకుళంలో వెయ్యి మంది మగవారికి 1,015 మంది ఆడవారు, విజయనగరంలో 1,019 మంది. నిజమే. కానీ ఆ లెక్కలో కనిపించని మన మగవాళ్లు ఎక్కడున్నారు? చెన్నైలో గోడలు కడుతున్నారు, విశాఖలో, హైదరాబాదులో వాచ్‌మెన్లుగా ఉన్నారు, గుజరాత్‌లో చేపల వేటకు పోయారు. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారంటే ఆడపిల్లకు విలువ ఎక్కువని అర్థం కాదు, మగాడు ఊళ్లో లేడని అర్థం. చిన్నపిల్లల లెక్క చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు పిల్లలలో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలు ఉంటే, 2011 నాటికి 939 అయ్యారు. పదేళ్లలో వెయ్యికి ఇరవైరెండు మంది తగ్గారు. హర్యానా అంత చెడ్డగా లేదు, ఒప్పుకుంటాను. హర్యానా కంటే మేలు అనిపించుకోవడమేనా మన సాక్ష్యం?

కడుపులో ఉన్న బిడ్డను బేరం పెట్టడం ఈ నేల మీద కొత్త పాపం కాదు. విజయనగరం గురజాడ అప్పారావు గారు 1897లో కన్యాశుల్కం అచ్చు వేయించినప్పుడు ముందుమాటలో ఆ రోజులలో ఆడపిల్లలను డబ్బుకు పెళ్లి చేసే తీరు రాశారు. విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034 తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు! గర్భంలో ఉన్న బిడ్డలకు కూడా బేరాలు సాగేవని ఆయన రాశారు. అప్పుడు ఆడపిల్ల పుడితే తండ్రికి డబ్బు వస్తుందని బేరం. ఇప్పుడు ఆడపిల్ల పుడితే కట్నానికి డబ్బు పోతుందని బేరం. అప్పట్లో కొనుక్కునేవాడు ఒక ముసలివాడు, ఇప్పుడు అమ్ముడుపోయేవాడు మన సంఘంలో గిటారు వాయించే కుర్రవాడు. కట్నం తీసుకోని విశ్వాసుల పెళ్లిళ్లు నేను చేసినవి ఎన్నని లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు కూడా నిండవు.

ఇక్కడ మన తప్పు గురించి మాట్లాడకపోతే నేను వేషధారిని. సాక్ష్యాల కూడిక పెడతాం. ఒకామె లేచి, పదేళ్లకు దేవుడు మగబిడ్డనిచ్చాడు అంటుంది, హల్లెలూయా అని మందిరం దద్దరిల్లుతుంది. కృతజ్ఞతార్పణ ఇస్తారు, భోజనాలు పెడతారు. మూడో ఆడపిల్ల పుట్టిందని లేచి సాక్ష్యం చెప్పిన తల్లిని మీరు ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. కొందరు సేవకులు పోస్టర్ల మీదే వేస్తున్నారు, సంతానం లేనివారికి, మగసంతానం కోరేవారికి ప్రత్యేక ప్రార్థనలు అని. ఆ పోస్టరు చదివిన అత్తగారికి ఏమని అర్థమవుతుంది? ఆడపిల్ల అంటే దేవుడు వినని ప్రార్థన అని. దేవుడు ఎలాగూ వినలేదు, ఇక స్కానింగే దిక్కు అని. ఆ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ సహోదరుడికి ఆ "నేకపోతే" నేర్పింది మనం కాదని చెప్పడానికి నాకు ధైర్యం లేదు.

గర్భస్రావం గురించి నా నమ్మకం ఏమిటో దాచను. కడుపులోని బిడ్డ దేవుని చేతిపని. 139వ కీర్తన అదే చెబుతోంది. గర్భంలో రూపింపబడక ముందే దేవుడు తనను ఎరిగి ఉన్నాడని యిర్మీయా విన్నాడు. మరియ గొంతు వినగానే ఎలీసబెతు గర్భంలోని శిశువు గంతులు వేశాడని లూకా రాశాడు. ఆ బిడ్డను తీసేయడం చిన్న సంగతి అని నేను ఎన్నడూ అనలేను. అయితే తల్లి ప్రాణం కూడా దేవుని చేతిపనే. గర్భం ట్యూబులో నిలిచిందని డాక్టరు చెబితే, ఉపవాస ప్రార్థన అని ఒక్క పూట కూడా ఆగకండి, ఆటో ఎక్కించండి. అక్కడ బిడ్డ బతకదు, ఆలస్యమైతే తల్లీ మిగలదు. విశ్వాసం పేరుతో ఆపే పాస్టరు ఎవరైనా ఉంటే అది విశ్వాసం కాదు, హత్య.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. ఆ వారమంతా మన పాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో పండగ. దేవుడు గెలిచాడు అన్నారు. నేనూ ఒక వీడియో పంపాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పోరాటం మన పల్లెకు సరిపడదు. మన దేశంలో గర్భస్రావ చట్టం వీధి పోరాటాల వల్ల రాలేదు. 1964లో శాంతిలాల్ షా గారి అధ్యక్షతన కమిటీ వేశారు, నాటు పద్ధతుల వల్ల తల్లులు చనిపోతున్నారని చూసి 1971లో చట్టం చేశారు. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని కారణాలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీకి కూడా అదే వర్తిస్తుందని చెప్పింది. ఆ చట్టంలో ఒక మాట మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. పద్దెనిమిది నిండిన స్త్రీ విషయంలో కావలసింది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకం అక్కర్లేదు, అత్తగారి సంతకం అసలే అక్కర్లేదు. ఆమె వద్దంటుంటే తీయిస్తే, భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు.

మా మండలంలో ఒక టీచరమ్మ ఉన్నారు, మందిరానికి రారు కానీ నాతో బాగా మాట్లాడతారు. "ఆడదాని ఒంటి మీద మీ మగ పాస్టర్లకేం పని, అది ఆమె ఇష్టం" అంటారు. సగం ఒప్పుకుంటానమ్మా అన్నాను. ఆ గుమ్మం దగ్గర ఆమె ఇష్టం ఎక్కడుందో చూపించండి చాలు. భర్త అడిగాడు, అత్త నిర్ణయించింది, పాస్టరు చేతులుంచాడు. ఇష్టం అనే మాట ఆమె నోట్లోంచి రావడానికి ముందే ముగ్గురు మాట్లాడేశారు. అలాంటి ఇంట్లో జరిగే గర్భస్రావాన్ని స్త్రీ స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను. టీచరమ్మ కూడా దానికి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మరి మీరు ఆమెను ఎందుకు అడగలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక తల్లి కేసు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి. రెండో బిడ్డకు పాలిస్తుండగా మూడోసారి గర్భం వచ్చిందని ఆమెకు చాలాకాలం తెలియలేదు. తెలిసేసరికి ఆరు నెలలు. కాన్పు తరువాత వచ్చే మానసిక బాధతో మందులు వాడుతోంది, పెంచే స్తోమతా లేదు, బలమూ లేదంది. అక్టోబరు 9న కోర్టు సరేనంది. 11న ఇద్దరు న్యాయమూర్తులు, ఇద్దరూ స్త్రీలే, హిమా కోహ్లీ గారు ఒకవైపు, నాగరత్న గారు ఒకవైపు అయ్యారు. 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కుదరదని తేల్చింది. బిడ్డ బతకాలన్న తీర్పు విని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎంత చవకైనదో తరువాత తట్టింది. తీర్పు విన్నాక ఆమె ఇంటికి నడిచి వెళ్లి ఉంటుంది. రాత్రి ఏడ్చే ఇద్దరు పిల్లల మధ్య పడుకుని ఉంటుంది. ఆ బిడ్డ బతకాలని కోరిన లక్షల మంది క్రైస్తవులలో ఆ రాత్రి ఒక గిన్నె అన్నం ఆమె గుమ్మం దగ్గర పెట్టింది ఎవరు? మోయలేని బరువులు మనుషుల భుజాల మీద కట్టి, తమ వ్రేలితోనైనా వాటిని కదపనివారి గురించి ప్రభువు మత్తయి 23లో ఏమన్నాడో మీకు తెలుసు.

ఇప్పుడు నా సొంత లెక్క చెప్పాలి. మా సంఘంలో ఒక మినిట్స్ పుస్తకం ఉంది. దాదాపు పదిహేనేళ్ల క్రితం నాటి ఒక పేజీలో నా సంతకం ఉంది. డిగ్రీ చదివే ఒక ఆడపిల్ల, క్వైర్‌లో పాడేది, గర్భవతి అయ్యింది. పెద్దలు కూర్చున్నారు. ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరం, క్వైర్ నుంచి తీసివేత, సంఘం ముందు నిలబడి ఒప్పుకోలు. నేను సంతకం పెట్టాను. ఆ పిల్ల అమ్మగారి ద్వారా నాకు ఒకే ప్రశ్న పంపింది: నేను బిడ్డను కంటే అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారా? ముందు క్రమశిక్షణ కాలం పూర్తి కానీ, తరువాత చూద్దాం అని చెప్పించాను. నాలుగో రోజు వాళ్లమ్మ ఆమెను ఎవరో ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్లింది. మూడు రోజులు రక్తం ఆగలేదు. పట్నం తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తే బతికింది. ఆ పిల్ల మళ్లీ మందిరం మెట్లు ఎక్కలేదు. విశాఖలో రొయ్యల కంపెనీలో పని చేస్తోందని విన్నాను.

ఆ అబ్బాయి పేరు పుస్తకంలో లేదు. అతను ఎవరో అందరికీ తెలుసు. ఆ తరువాతి ఆదివారం అతను మా వరుసలోనే కూర్చుని రొట్టె తిన్నాడు, ద్రాక్షారసం త్రాగాడు.

గర్భస్రావం నరహత్య అని నేను ఎన్ని ప్రసంగాలు చేశానో గుర్తు లేదు. ఆ బిడ్డ విషయంలో దోషి ఎవరు? ఆర్‌ఎంపీయా? పరువు కోసం భయపడిన తల్లా? ఆ పిల్ల బిడ్డను కనడానికి సిద్ధపడే ఆ ప్రశ్న పంపింది. ఆ తలుపు వేసింది నేను.

1863లో పుణెలో జోతిరావు ఫూలే గారు, సావిత్రిబాయి గారు బాలహత్య నివారణకు ఒక ఇల్లు తెరిచారు. గర్భవతులైన వితంతువులు రహస్యంగా వచ్చి క్షేమంగా కనవచ్చు, బిడ్డను ఉంచుకోవచ్చు లేదా వదిలి వెళ్లవచ్చు. ఎవరూ నిందించరు. అలా అక్కడ పుట్టిన ఒక బిడ్డను 1874లో వారే దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టుకున్నారు. అతను డాక్టరయ్యాడు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ ఆ తల్లి కన్నుమూసింది. వారు క్రైస్తవులు కారు. మన జిల్లాలకు మిషనరీలు వచ్చి చాలా కాలమైంది, ఆసుపత్రులు కట్టారు, బడులు కట్టారు, వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ పెళ్లికాని తల్లీ, లోపలికి రా అన్న బోర్డు నేను చూసిన ఏ మందిరం గేటు మీదా లేదు. సాలూరులో కొండ మీది గిరిజన గర్భిణులు డోలీల్లో దారిలోనే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని ఐటీడీఏ వారు కొన్నేళ్ల క్రితం వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే దించి, భోజనం పెట్టి, కాన్పు దాకా చూసుకోవడానికి. ప్రభుత్వ ఉద్యోగులకు తోచింది, పరిశుద్ధాత్మ నడిపింపు ఉందని చెప్పుకునే మనకు తోచలేదు.

ఈ సంగతి ఎత్తగానే మా పెద్దలలో ఒకరు అన్నారు: అలా చేస్తే తప్పుకు తలుపులు తెరిచినట్టే అయ్యగారూ, ఆడపిల్లలకు భయం ఉండదు. ఆయన మంచివాడు, సంఘం కోసం చాలా చేశాడు. కానీ పదిహేనేళ్లుగా ఆ భయం మనకు ఏమి సంపాదించి పెట్టింది? తప్పులు ఆగలేదు. పుట్టవలసినవారు ఆగారు. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని బాత్రూములో రక్తం పోగొట్టుకునే పిల్లలు ఆ భయం వల్లనే డాక్టరు దగ్గరకు కూడా పోరు. యోహాను 8లో పట్టుబడిన స్త్రీని తెచ్చినవారు మగవాణ్ని తీసుకురాలేదు. మన మినిట్స్ పుస్తకమూ అంతే.

శారా శ్రమపెట్టగా ఇంట్లోంచి పారిపోయిన హాగరును మనం ఎక్కువ ప్రసంగించం. కడుపుతో ఉన్న పనిమనిషి, ఎడారిలో నీటి బుగ్గ దగ్గర కూర్చుంది. దేవుని దూత వచ్చి మొదట అడిగింది, ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళుతున్నావు అని. ఎవరి బిడ్డ అని అడగలేదు, ఆడా మగా అని ఆమెను భయపెట్టలేదు. నన్ను చూచుచున్న దేవుడు అని ఆయనకు పేరు పెట్టింది ఆమే.

మా సంఘ పెద్దల ముందు నేను మూడు సంగతులు పెట్టాను. పెళ్లికాకుండా గర్భవతి అయిన ఆడపిల్లను బల్లకు దూరం చేసే తీర్మానం రద్దు చేయాలి. ఆ బిడ్డకు అందరి పిల్లల్లాగే ప్రతిష్ఠ ప్రార్థన జరగాలి. కని పెంచలేని తల్లి ఉంటే, బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించే దారి చట్టంలోనే ఉంది, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఇస్తారు. 1098కి ఫోను చేస్తే చెబుతారు. ఆమెతో పాటు అక్కడిదాకా వెళ్లడానికి ఇద్దరు సహోదరీలు సిద్ధంగా ఉండాలి. మగసంతానం కోసం ప్రత్యేక ప్రార్థనలు మా మందిరంలో ఇక జరగవు, దానికి ఎవరి అనుమతీ అడగలేదు. మొదటి రెండింటి మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఆ ఆదివారం వచ్చిన సహోదరి ఇంటికి అమ్మగారు రెండుసార్లు వెళ్లారు. రెండోసారి నేనూ వెళ్లాను. ఈసారి ఆమెనే అడిగాను, నువ్వేమంటావమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అత్తగారి వైపు చూసి, "నానుంచుకుంటాను" అంది. అత్తగారు లోపలికి వెళ్లిపోయింది. భర్త చెన్నై నుంచి ఫోన్‌లో, "మరి గుంటడు కోసం ప్రార్థన సేసినారా అయ్యగారూ?" అని అడిగాడు. చెయ్యలేదు బాబూ, చెయ్యను కూడా, నీకు పుట్టబోయే బిడ్డ కోసం చేశాను అన్నాను. ఫోను పెట్టేశాడు. సంఘం పెద్దల కూడిక వచ్చే శుక్రవారం. పదిహేనేళ్ల నాటి ఆ మినిట్స్ పుస్తకం తీసుకుని వెళుతున్నాను.